వీపనగండ్లకు 27 బైట్లు

పాలమూరు వైపు ఊరు వీపనగండ్ల పేరు టైపు చేస్తే మన కంటికి 5 అక్షరాలు. కంప్యూటరు లెక్కలో 9: వ, గుడిదీర్ఘం, ప, న, గ, సున్న, డ, పొల్లు, ల. ఈ లెక్క కట్టింది మనవాళ్లే. 1988 నాటి ఇస్కీ పద్ధతి అది. 1991లో భారతీయ ప్రమాణమైంది. అదే ఏడాది వచ్చిన యూనికోడ్ కూడా తెలుగు గడుల వరస దాన్నుంచే తీసుకుంది. తెలుగును కంప్యూటర్లో దాచే చిక్కు కాగితం మీద తీరిపోయింది.

ఊళ్లలో తీరలేదు. డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, అందులో అను ఫాంట్లు. పెళ్లిపత్రికైనా, ఎన్నికల కరపత్రమైనా, కవితా సంపుటమైనా అందులోనే. ఇంగ్లిషు అక్షరాలుండాల్సిన గడుల్లో తలకట్టు, గుడి, ఒత్తు అంటూ తెలుగు ముక్కలు పేర్చిన ఏర్పాటది. అచ్చుకి బ్రహ్మాండంగా ఉండేది. ఆ ఫాంటు లేని మిషన్లో ఫైలు తెరిస్తే మాత్రం అర్థంపర్థం లేని రోమన్ అక్షరాలు. పైగా అను, ఆకృతి, శ్రీలిపి ఎవరి గడులు వాళ్లవే. పాలమూరు అంతా ఒకే జిల్లాగా ఉన్న రోజుల్లో కూర్చిన పుస్తకాలను ఇప్పుడు యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్లున్నాయి. మార్చాక ప్రూఫులు దిద్దక తప్పదు. ఒత్తుల దగ్గరే ఎక్కువ తేడాలు.

2001లో విండోస్ ఎక్స్‌పీ వెంట గౌతమి ఫాంటు వచ్చింది. వెబ్‌లో యూటీఎఫ్-8 స్థిరపడింది. 1992లో న్యూజెర్సీలోని ఒక హోటల్లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ భోజనానికి కూర్చున్నప్పుడు, కంచం కింద పరిచిన కాగితం మీద గీసుకున్న పద్ధతి ఇది. ఇంగ్లిషు అక్షరానికి 1 బైటు, తెలుగు సంకేతానికి 3. అలా వీపనగండ్లకు 27 పడ్డాయి. సవతి ప్రేమే గానీ, ఇప్పటి డిస్కులకు అదొక బరువు కాదు.

ఇక ఈ పద్ధతులకు పొంతన కుదరనప్పుడు కనిపించే రోగ లక్షణాలు. ఎక్సెల్లో జాబితా తెరవగానే నెత్తిన గీటున్న ఇంగ్లిషు చిన్న ఏ, పక్కనే డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, అవే మళ్లీ మళ్లీ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. ఫైలు చెడలేదు. తెలుగు బైట్లను విండోస్ పడమటి దేశాల పట్టికతో చదువుతోంది, అంతే. సేవ్ కొట్టకుండా మూసేసి, డేటా ఇంపోర్ట్‌లో యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరి. ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఫాంటు లేదని అర్థం. ప్రశ్నార్థకాలు వరస కట్టాయా, అది నిజమైన నష్టం. పాత నోట్‌ప్యాడ్ మామూలుగా యాన్సీ పద్ధతిలో సేవ్ చేసేది, తెలుగుకి చోటు లేక ప్రతి సంకేతం స్థానంలో ఒక ప్రశ్నార్థకం రాసేది. వాటిలోంచి తెలుగును వెనక్కి రప్పించడం ఎవరి తరమూ కాదు. 2019లో విండోస్ 10 నవీకరణతో గానీ నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8కి మారలేదు.

అన్నిటికన్నా తమాషా చిక్కు ఐత్వానిది. తెలుగు గుణింతపు గుర్తుల్లో యూనికోడ్ రెండుగా విడగొట్టడానికి ఒప్పుకునేది దీన్నొక్కదాన్నే: ఎత్వం, దాని కింద ఐత్వపు తోక. 1998 నుంచి మాక్ వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైలు పేర్లను ఇలా విడగొట్టే దాచేది. మాక్‌లో 'రైతులు' అని పేరు పెట్టిన ఫైలును లినక్స్‌కు ఎక్కించి, అదే పేరు టైపు చేసి వెతికితే లేదంటుంది. తెరమీద చూస్తే రెండు పేర్లూ ఒకటే. 2017లో వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ పేరును ఇచ్చినది ఇచ్చినట్టే ఉంచుతోంది. పాత హార్డ్ డిస్కుల నుంచి దింపుకున్న ఫైళ్లలో రైతు కనపడకపోతే ఆ ఫైలు పేరును ఒకసారి చెరిపి మళ్లీ టైపు చేయండి, దొరుకుతాడు.