వేరుశనగ జిప్సానికీ ఇంగ్లండు బీరుకీ సంబంధం ఏంటి?



వేరుశనగ పూతకొచ్చినప్పుడు ఎకరానికి 200 కిలోల జిప్సం వేస్తాం కదా. అదే జిప్సాన్ని ఇంగ్లండు, అమెరికాల్లో ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళు నీళ్ళలో చెంచాతో కలుపుతారు. ముఖ్యంగా ‘ఇండియా పేల్ ఏల్’ అనే రకానికి. తాగమని రాసే పోస్టు కాదిది. నీళ్ళ కథ.

కంపెనీ పాలనలో కలకత్తా, మద్రాసు, బొంబాయిల్లో ఉన్న తెల్లదొరలకు బీరు ఇంగ్లండు నుంచే రావాలి. ఓడ ఆఫ్రికా చుట్టూ తిరిగి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నెలల తరబడి ప్రయాణం చేసేది. దారిలో బీరు చెడకుండా హాప్స్ ఎక్కువ వేసేవారు. హాప్స్ మన కాకరలాగే తీగ పంట. ఆడతీగ పూలలో ఉండే చేదు, బీరును పులగొట్టే క్రిములను ఆపుతుంది. ఎండదేశాలకు పంపే బీరుకి హాప్స్ ఎక్కువ వెయ్యాలని 1760ల నాటికే అక్కడ తెలుసు. కాబట్టి ఎవరో ఒకాయన ఇండియా కోసమే దీన్ని కనిపెట్టాడన్న మాట నిజం కాదు.

అప్పట్లో ఈ వ్యాపారం లండన్‌లో బో అనే చోట ఉన్న హాడ్జ్‌సన్ కుటుంబం చేతిలో ఉండేది. కార్ఖానా రేవుకి దగ్గర. ఓడ కెప్టెన్లకు ఏడాదికి పైగా అప్పు ఇచ్చేవారు. మార్కెట్ గుప్పిట్లోకి వచ్చాక, 1820ల మొదట్లో ఆ ఇంటివాళ్ళు కెప్టెన్లను పక్కకు నెట్టారు. రేటు పెంచారు, అప్పు ఆపేశారు. ఎవరైనా పోటీకొస్తే సరుకు కుమ్మరించి ధర పడగొట్టేవారు. ఈ ఎత్తు మనకి కొత్తేం కాదు!

దాంతో కంపెనీ డైరెక్టరు ఒకాయన 1822లో బర్టన్ ఊరి శామ్యూల్ ఆల్‌సాప్‌ని పిలిచి, అలాంటి బీరే కాయమన్నాడు. రష్యా సుంకాలు పెంచడంతో బర్టన్ వాళ్ళకి పాత మార్కెట్ పోయింది. ఆల్‌సాప్‌కి ఇది బతుకు సమస్య. మొదటి నమూనాని టీపాట్‌లో కాచారని చెప్పుకుంటారు.

బార్లీ అదే, హాప్స్ అవే. బీరు మాత్రం లండన్ దానికన్నా తేటగా, చేదు శుభ్రంగా వచ్చింది. కారణం బర్టన్ బావులు. అక్కడ భూమిలో జిప్సం పొరలున్నాయి. లండన్ నీళ్ళలో సున్నం ఎక్కువ. అది నల్ల బీరుకి బాగానే ఉంటుంది, లేత రంగు బీరులో మాత్రం చేదుని మొరటు చేస్తుంది. 1830లలో ఆల్‌సాప్, బాస్ లాంటి బర్టన్ కార్ఖానాలదే పైచేయి అయింది. తర్వాత రసాయన శాస్త్రజ్ఞులు నీళ్ళ గుట్టు తేల్చాక, మిగతా ఊళ్ళవాళ్ళూ జిప్సం కలపడం మొదలెట్టారు.

ఇంట్లో కాచుకునేవాళ్ళు చాలామంది రుచి కుదరకపోతే ఇంకాస్త హాప్స్ వేస్తారు. చేదు ఇంకా మొరటవుతుంది. తెలిసినవాళ్ళు ముందు నీళ్ళు చూస్తారు. సున్నపు నీళ్ళయితే మరగబెట్టి, అడుగుకి దిగిన సున్నం వదిలేసి, పైతేటలో కొలిచి జిప్సం కలుపుతారు. ఎక్కువైతే అదీ చెరుపే.

మనమూ అంతే కదా. పంట పోతే విత్తనాన్ని తిడతాం, మందుల షాపుని తిడతాం, ఇంకో బస్తా ఎరువు వేస్తాం. బోరు నీళ్ళ మీదికి అనుమానమే పోదు. మట్టితో పాటు ఒక సీసా బోరు నీళ్ళు కూడా పరీక్షకి పట్టుకెళ్ళండి. మీలో ఎంతమంది చేయించారో కింద చెప్పండి.