బిడారు జాగిలము

ఇందూరు మండలమున డిచ్‌పల్లి పరిసరములందు తిరుగువారికి ‘తండా’ అను మాట క్రొత్త కాదు. నేడు ఆ మాటకు లంబాడీల పల్లె అని అర్థము. పూర్వము తండా అనగా నిలిచియుండు ఊరు కాదు, నడచుచుండు బిడారు. లంబాడీలు ఎడ్లపై ధాన్యమును, ఉప్పును వేసికొని దక్కను పీఠభూమి అంతటను సంచరించుచుండిరి. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 1676లో వెలువడిన తన యాత్రాగ్రంథమున పదివేలు, పండ్రెండువేలు ఎడ్లుగల బిడారులను గూర్చి వ్రాసియున్నాడు.

బిడారు పేరనే పిలువబడు ఒక జాగిలమును గూర్చి మేము నేడు ముచ్చటింపదలచితిమి. మహారాష్ట్రమున దీనిని ‘కార్వానీ’ అందురు. అనగా బిడారుకు చెందినది. కర్ణాటకమున ఇది ముధోళ జాగిలము. ఈ ముధోళ మన బాసర చెంతనున్న ముధోల్ కాదు, బాగల్‌కోట జిల్లాలోనిది. అచ్చటి సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే ఈ జాతిని శ్రద్ధతో పెంపించి, ఒక జంటను ఐదవ జార్జి చక్రవర్తికి కానుకగా ఇచ్చెనని చెప్పుదురు. పశ్చిమాసియా నుండి వచ్చిన వర్తకుల వెంటను, సైన్యముల వెంటను దీని పూర్వులు దక్కను చేరినవని ప్రతీతి.

దీని శరీరమును చూచినచో దీని చరిత్ర తెలియును. సుమారు 70 సెంటీమీటర్ల ఎత్తు, పొడవైన కాళ్లు, లోతైన రొమ్ము, లోనికి పోయిన కడుపు, సన్నని మోము. ఇది వాసనకంటె చూపునే ఎక్కువగా నమ్ముకొని వేటాడును. దూరమున కుందేలు కదలినచో కన్ను పట్టును, కాలు పరుగెత్తును. ఇట్టి కుక్కకు బయలు నేల కావలెను.

ఆ బయలు క్రమముగా తరగిపోయినది. 1900 ప్రాంతమున హైదరాబాదు నుండి మన్మాడు వరకు గోదావరీ లోయ రైలుమార్గము పడినది. డిచ్‌పల్లి దాని మీది స్టేషనే. ఎడ్లు మోయు సరకును రైలు మోయసాగెను, బిడారులు నిలిచినవి. 1931లో మంజీరపై నిజాంసాగరము పూర్తియైనది; 1937లో బోధనున చక్కెర కర్మాగారము నెలకొన్నది. ఆ కర్మాగారము 2015లో మూతపడినది గాని, దాని కాలమున చెఱకు సాగు ఈ ప్రాంతమున వ్రేళ్లూనినది. ఎదిగిన చెఱకుతోటలో కుక్క చూపు నాలుగు బారలు సాగదు. కోసిన తరువాత మిగులు మోళ్లు దాని పాదములను చీల్చును. ఇక 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి వేటను కట్టడి చేసెను. అది న్యాయమే. కాని పని పోయిన కుక్కకు స్వభావము పోలేదు.

2005లో తపాలాశాఖ దీని బొమ్మతో బిళ్ల వెలువరించెను. 2016లో సైన్యము వారు మీరట్‌లో శిక్షణ నిచ్చుటకు ముధోళ పిల్లలను తీసికొనిరి. ఈ కీర్తిని విని పట్టణవాసులు కొందరు పిల్లలను కొని తెచ్చి, వాకిట గొలుసుతో కట్టివేయుచున్నారు. మా ఆందోళన అంతయు ఇచ్చటనే.

కట్టివేసిన బిడారు జాగిలము కొంతకాలమునకు బెదరుగొడ్డగును, లేదా కరచును. ఉదయము, సాయంత్రము చుట్టును గోడగాని కంచెగాని ఉన్న చోట దానిని విడిచి పరుగెత్తనీయవలెను. వీథిలో మాత్రము పలుపు వదలరాదు. పరుగెత్తు కోడిని, మేకపిల్లను చూచినచో అది పిలుపును వినదు. ఇది యజమాని ఇంటివారిని ప్రాణముగా చూచుకొనును గాని క్రొత్తవారి చేయి తగులుటకు ఇష్టపడదు. అందుచే పిల్లగా ఉన్నప్పుడే నలుగురి నడుమ మెలగుట నేర్పవలెను. కేకలు, దెబ్బలు దీనికి పనికిరావు. ఒక్కసారి జడిసినచో మరల దరికి చేరుటకు చాల దినములు పట్టును.

ప్రక్కటెముకలు కొంచెము కనబడుట దీనికి సహజము. జాలిపడి అతిగా మేపరాదు. జొన్నరొట్టె, మజ్జిగ, గ్రుడ్డు, మాంసము మితముగా పెట్టవచ్చును. తిన్న వెంటనే పరుగెత్తింపరాదు. చర్మము పలుచన, కొవ్వు తక్కువ. కనుక చలికాలమున గోనెపట్టాల పడక వేయవలెను. ఈ కారణముననే కొన్ని మత్తుమందులు దీని శరీరమున ఎక్కువసేపు నిలుచును. శస్త్రచికిత్సకు ముందు పశువైద్యునికి జాతి పేరు తప్పక చెప్పవలెను.

పిల్లను కొనదలచినవారు ముందుగా తమ ఇంటి ఆవరణను, తమకు దొరకు తీరికను చూచుకొందురుగాక. ఆ రెండును లేనిచో దానిని తెచ్చుకొనకుండుటయే దయ. తండా నిలిచి ఊరైనది. దాని పేరు మోయు కుక్క కాళ్లకు మాత్రము ఇంకను నడకయే తెలియును.