ఆటపాటల పూర్వప్రాథమిక విద్య

మూడు నుండి ఆరేళ్ళ వయసు పిల్లలకు ప్రాథమిక పాఠశాలకు ముందు ఆట, పాట, కథ, బొమ్మ, సంభాషణల ద్వారా ఇచ్చే విద్యను ఆటపాటల పూర్వప్రాథమిక విద్య అంటారు. దీనినే శిశువిద్య అని కూడా వ్యవహరిస్తారు. అక్షరాలు, అంకెలు నేర్పరాదని ఈ పద్ధతి చెప్పదు. వాటికి కావలసిన చేతి పట్టు, చూపు నిలకడ, మాట, లెక్క భావన ముందుగా ఆటలో ఏర్పడాలన్నది దీని మూలసూత్రం. ఆంధ్రప్రదేశ్‌లో ఈ విద్య ప్రధానంగా అంగన్‌వాడీ కేంద్రాల ద్వారా అందుతోంది. ఈ వ్యాసంలోని ఆటలు తెలుగునాట అంతటా ఉన్నవే అయినా, పల్నాడు జిల్లా అమరావతి ప్రాంతపు పల్లెలను దృష్టిలో ఉంచుకొని వివరించబడ్డాయి.

చరిత్ర

జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల కోసం ఒక సంస్థను నెలకొల్పి, 1840లో దానికి 'కిండర్‌గార్టెన్' అనగా 'పిల్లల తోట' అని పేరు పెట్టాడు. చెక్క ఘనాలు, ఉన్ని బంతులే అక్కడి పాఠ్యపుస్తకాలు. ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలోని ఒక పేదవాడలో 'బాలల గృహం' ప్రారంభించింది. 1939లో ఆమె మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి వచ్చి, యుద్ధం కారణంగా 1946 వరకు భారతదేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది.

గుజరాత్‌లో గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం స్థాపించాడు. ఆయన రచన 'దివాస్వప్న' తెలుగులో 'పగటి కల'గా వచ్చింది. ఉపాధ్యాయ వృత్తిలోకి వచ్చేవారు తప్పక చదవదగిన పుస్తకం. ఆయన సహచరి తారాబాయి మోదక్, ఆమె శిష్యురాలు అనుతాయి వాఘ్ మహారాష్ట్రలోని బోర్డీ, కోస్‌బాడ్ ప్రాంతాల గిరిజన పల్లెలలో పనిచేశారు. బడికి రాలేని పిల్లల కోసం బడినే వారి గూడెంలోని ముంగిళ్ళకు తీసుకువెళ్ళారు. 'ఆంగన్' అంటే ముంగిలి. అంగన్‌వాడీ అన్న పేరులోని అర్థం ఇదే.

1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని దేశంలో 33 బ్లాకులలో ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. అదనపు పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధన, పూర్వప్రాథమిక విద్య అనే ఆరు సేవలు ఇందులో ఉన్నాయి. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ ద్వారా మార్చబడిన 45వ అధికరణం ఆరేళ్ళు నిండే వరకు పిల్లల సంరక్షణ, విద్యకు ప్రభుత్వం ప్రయత్నించాలని చెబుతుంది. అయితే విద్యాహక్కు మాత్రం ఆరేళ్ళ నుండి పద్నాలుగేళ్ళ వారికే ప్రాథమిక హక్కు అయింది. అంతకంటే చిన్నవారి విషయంలో అది ఆదేశిక సూత్రంగానే ఉండిపోయింది.

ఆటలు, వికాసం

గుజ్జనగూళ్ళు ఆడే పిల్లలు చింతాకు కూర, ఇసుక అన్నం వండి వడ్డిస్తారు. ఒకరు అమ్మ, ఒకరు చుట్టం, ఒకరు కొట్టువాడు. ఇసుకను అన్నమనుకోవడం చిన్న విషయం కాదు. ఒక వస్తువు మరొకదానికి గుర్తుగా నిలుస్తుందని గ్రహించిన పిల్లకే, పలక మీది గీత ఒక ధ్వనికి గుర్తు అన్న సంగతి తరువాత బోధపడుతుంది. రష్యా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త లెవ్ వైగోత్‌స్కీ నటన ఆటకు అంత ప్రాధాన్యం ఇచ్చినది ఇందుకే. పాత్ర నిలబెట్టుకోవడానికి పిల్లలు తమ కోరికను తామే అదుపులో పెట్టుకుంటారని కూడా ఆయన గమనించాడు.

అచ్చనగాయలలో ఒక కాయను ఎగురవేసి, అది కిందికి వచ్చేలోగా నేల మీది కాయలను ఏరాలి. కన్ను, చేయి కలిసి పనిచేయడానికి ఇంతకంటే చౌకైన సాధనం లేదు. వీరీ వీరీ గుమ్మడిపండులో కళ్ళు మూసిన పిల్ల తనను తాకి పోయినవారి పేరు చెప్పాలి. వినికిడి, జ్ఞాపకం రెండూ పదునెక్కుతాయి. తొక్కుడుబిళ్ళ ఒంటికాలి నిలకడను ఇస్తుంది. వామనగుంటలలో పద్నాలుగు గుంటలకు గింజలు ఒక్కొక్కటిగా పంచాలి కాబట్టి అది అయిదేళ్ళు దాటిన వారికి తగిన ఆట.

ఇక్కడ లెక్క గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఇరవై వరకు గడగడ అప్పజెప్పే పిల్లవాడు, ఏడు గింజలు తెమ్మంటే గుప్పెడు తెచ్చి పెట్టడం ఒకటో తరగతి చెప్పిన వారందరికీ అనుభవమే. అంకెల వరుస నాలుకకు వచ్చింది, సంఖ్య ఇంకా రాలేదు. ఒక గింజకు ఒక అంకె అన్న జోడింపు చేతితో పంచినప్పుడే వస్తుంది.

రాత విషయమూ ఇంతే. తెలుగు అక్షరాలు చాలావరకు గుండ్రటి మలుపులు. మూడేళ్ళ పిల్లకు భుజం, మోచేయి కదిలినంత సులువుగా వేళ్ళు కదలవు. నేల మీద సుద్దతో పెద్ద పెద్ద సున్నాలు చుట్టడం, అమ్మ పెట్టిన ముగ్గును వేలితో దిద్దడం, రేగడి మట్టితో వినాయకుడిని, ఎద్దులను చేయడం రాతకు ముందు మెట్లు. అక్షరాభ్యాసంనాడు పళ్ళెంలోని బియ్యంలో వేలితో దిద్దించే ఆచారానికీ, మాంటిస్సోరి గరుకు కాగితపు అక్షరాలకూ ఉన్న పోలిక గమనించదగినది. మరునాటి నుండే పలకా బలపం ఇచ్చి పుటలు నింపించడం మాత్రం ఆ రెండింటికీ విరుద్ధం.

అంగన్‌వాడీల పరిస్థితి

పల్నాడులో పత్తి తీతకు, మిరప కోతకు తల్లులు తెల్లవారుజామునే పొలానికి వెళతారు. చిన్నపిల్లలను చూసే బాధ్యత తరచుగా పెద్ద ఆడపిల్ల మీద పడుతుంది. అంగన్‌వాడీ సక్రమంగా నడిస్తే తమ్ముడు అక్కడ ఆడుకుంటాడు, అక్క బడికి వెళుతుంది. శిశువిద్య ప్రయోజనాలలో దీనిని లెక్కించేవారు తక్కువ.

తల్లిదండ్రుల ఫిర్యాదు వేరు: "అక్కడ అన్నం పెడతారు గానీ చదువు చెప్పరు." అందువల్ల మూడున్నరేళ్ళకే పిల్లలను ఇంగ్లీషు మాధ్యమపు ప్రైవేటు నర్సరీలలో చేర్పిస్తారు. ఈ ఫిర్యాదు పూర్తిగా నిరాధారం కాదు. ఒకే కార్యకర్త ఆహారం, తూకాలు, గర్భిణుల నమోదు, ఫోనులో వివరాల నమోదు చూసుకుంటూ పిల్లలతో ఆడడానికి సమయం చిక్కదు. వేతన పెంపు, గ్రాట్యుటీ కోసం ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు 2023 డిసెంబరు 12 నుండి 42 రోజులు సమ్మె చేశారు.

2020 జాతీయ విద్యావిధానం మూడు నుండి ఎనిమిదేళ్ళ వయసును ఒకే పునాది దశగా పరిగణించింది. దానికి అనుగుణంగా 2022లో పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం, 2023లో బొమ్మలు, పజిళ్ళు, కథల పుస్తకాలతో కూడిన 'జాదూయీ పిటారా' వెలువడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తరగతికి ముందు రెండు సంవత్సరాలను పీపీ-1, పీపీ-2 అని పిలుస్తున్నారు.

ఆట వస్తువులు

ఖరీదైన సామగ్రి అవసరం లేదు. గవ్వలు, చింతపిక్కలు, తాటాకు బొమ్మలు, పాత చీర ముక్కలు, కొబ్బరి చిప్పలు సరిపోతాయి. ఏటికొప్పాక లక్క బొమ్మలు ప్రకృతి రంగులతో, నున్నగా తయారవుతాయి కాబట్టి చిన్నపిల్లల చేతికి ఇవ్వవచ్చు. కొండపల్లి బొమ్మలు తేలికైన పొణికి కర్రతో చేసినవి, త్వరగా విరుగుతాయి. వాటిని చూపి కథ చెప్పడానికి వాడుకోవడం మేలు. చింతపిక్కలు, గవ్వలు, గోలీలు మూడేళ్ళలోపు పిల్లలకు ఇవ్వరాదు. మింగడం, ముక్కులో పెట్టుకోవడం జరుగుతుంది. ఆట ముగిసిన తరువాత గింజలను పిల్లలచేతనే లెక్కపెట్టించి డబ్బాలో వేయించాలి. అది కూడా పాఠమే, పైగా ఒక్క గింజ తగ్గినా వెంటనే తెలుస్తుంది.