కారులో పాట ఎవరి చేతిలో?

ఇప్పటి పిల్లలకి చెప్తే నమ్మరు గానీ, మన చిన్నప్పుడు కారు కొంటే దాంతో పాట వచ్చేది కాదు. డాష్‌బోర్డు మధ్యలో పలకలాంటి ప్లాస్టిక్ ముక్క ఒకటి బిగించి ఇచ్చేవారు. అది ఊడదీసి ఆ ఖాళీలో ఏం పెట్టుకోవాలన్నది కొన్నవాళ్ల ఇష్టం, వాళ్ల జేబు. కారు ఇంటికి రావడం ఒక పండగ, "స్టీరియో పెట్టించడం" ఇంకో పండగ.

మా నాన్నగారి పాత మారుతి 800కి ఈ మధ్య కొత్త స్టీరియో పెట్టించే పని నా మీద పడింది. ఆ వంకతో ఈ కారు పాటల చరిత్ర కాస్త చదివాను. చదువుతున్నంతసేపూ నాకు ఒకటే అనుమానం. ఇన్నేళ్లూ కారులో పాట ఎవరి చేతిలో ఉంది?

కథ అమెరికాలో మొదలవుతుంది. విలియం లియర్, ఎల్మర్ వేవరింగ్ అనే ఇద్దరు కుర్రాళ్లు ఒక సాయంత్రం స్నేహితురాళ్లను కారులో మిసిసిపీ నది ఒడ్డుకి తీసుకెళ్లారట. సూర్యాస్తమయం చూస్తూ ఆ అమ్మాయిల్లో ఒకరు, "ఇంత బాగుంది కదా, పాట కూడా ఉంటే ఎంత బాగుండేది!" అన్నారట. అక్కణ్ణించి కారు రేడియో ఆలోచన పుట్టిందని చెప్పుకుంటారు. ఎంత నిజమో గానీ, ఆ కథ నేను చదివిన ప్రతిచోటా మగవాళ్లిద్దరి పేర్లూ ఉన్నాయి. ఆ మాట అన్న అమ్మాయి పేరు ఎక్కడా లేదు.

చికాగోలో పాల్ గాల్విన్, ఆయన తమ్ముడు జోసెఫ్ నడిపే చిన్న కంపెనీ 1930లో ఆ రేడియోని తయారుచేసి అమ్మకానికి పెట్టింది. మోటారు కారుకి చేసిన సంగీతం పెట్టె కాబట్టి దానికి "మోటొరోలా" అని పేరు పెట్టారు. తర్వాత మనందరి చేతుల్లోకి సెల్‌ఫోన్లు పంపిన మోటొరోలా అదే! గాల్విన్ అప్పు కోసం ఒక బ్యాంకు అధికారి కారులో రేడియో బిగించి చూపిస్తే, అరగంటకే ఆ కారు తగలబడిందని ఇంకో కథ. అప్పు రాలేదని వేరే చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లో బిగించడం అంటే అంత తలనొప్పి. రేడియోలో ఉన్నవి గాజు వాల్వులు, వాటికి కారు బ్యాటరీ చాలదు. విడిగా ఇంకొన్ని బ్యాటరీలు సీటు కిందో నేల కిందో అమర్చాలి. యాంటెన్నా కోసం కారు పైకప్పు లోపలి గుడ్డ కోయాలి. ఇంజిన్‌లో స్పార్కు ప్లగ్గు మండిన ప్రతిసారీ రేడియోలో చిటపటలు. దాన్ని ఆపడానికి మళ్లీ వేరే సామాను. కొత్త కారు ఖరీదు సుమారు 650 డాలర్లైతే, రేడియో ఒక్కటే నూరు డాలర్ల పైమాట. పాటలు వింటూ నడిపితే డ్రైవరు ధ్యాస చెదురుతుందని కొన్ని చోట్ల నిషేధించాలని కూడా చూశారు. 1955లో ఫిల్కో, క్రైస్లర్ కంపెనీలు కలిసి ట్రాన్సిస్టర్లతో కారు రేడియో తెచ్చాకే ఆ వాల్వుల బాధ తీరడం మొదలైంది.

మన దగ్గర అంబాసిడర్, ఫియట్ కార్ల రోజుల్లో రేడియో ఉన్న కారంటే డాక్టరుగారిదో మిల్లు ఓనరుగారిదో అయ్యుండాలి. ఇంట్లో రేడియోకే ఏటా పోస్టాఫీసులో లైసెన్సు డబ్బు కట్టే కాలం. కారులో ఉన్నా వినేది ఆకాశవాణి వాళ్లు పెట్టిందే. విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. పొద్దున్న భక్తి పాట, తర్వాత వార్తలు. ముందు సీటైనా వెనక సీటైనా అందరిదీ ఒకటే పాట, ఎవరూ ఎంచుకున్నది కాదు.

ఎంచుకోవడం వచ్చింది క్యాసెట్టుతో. ఫిలిప్స్ కంపెనీ 1963లో బయటపెట్టిన ఆ చిన్న డబ్బా 1980ల్లో మన వీధి వీధికీ వచ్చింది. కాగితం మీద పాటలు రాసిచ్చి, ఖాళీ క్యాసెట్టు ఇచ్చి రికార్డు చేయించుకోవడం మీకూ గుర్తుండే ఉంటుంది. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి మారుతి 800 తాళాలు ఇచ్చారు. ఆ చిన్న కారూ ఈ చిన్న క్యాసెట్టూ కలిసి మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చాయి.

మా కారు 1996ది. నాన్నగారు క్యాసెట్టు స్టీరియో, వెనక అద్దం కింద పలక మీద కోడిగుడ్డు ఆకారం పెద్ద స్పీకర్లు రెండు పెట్టించారు. 6×9 అనేవారు వాటిని, అంగుళాల లెక్క. అప్పట్లో ఏ మారుతిలో చూసినా అవే. వాటి ముందు కూర్చునేది ఎవరు? ఆడవాళ్లూ పిల్లలూ. అమ్మ ఒళ్లో తమ్ముడు, పక్కన నేను, అత్తయ్య. పాట సరిగ్గా మా చెవుల వెనక నుంచి మోగేది. తగ్గించే బటన్ ముందు సీట్లో నాన్నగారి దగ్గర, ఆయనకేమో అది వినీవినపడనట్టు ఉండేది. "కొంచెం తగ్గించండీ" అనడం, ఆయన తగ్గించడం, ఫ్లైఓవరు దాటేసరికి మళ్లీ పెరగడం.

తర్వాత సీడీ స్టీరియో వచ్చింది. దొంగలు ఎత్తుకుపోకుండా ముందు భాగం ఊడొచ్చే రకం. ఏ పెళ్లికెళ్లినా, ఏ బట్టల షాపులో దిగినా, నాన్నగారు ఆ ముక్క టక్కున ఊడదీసి నల్ల డబ్బాలో పెట్టి వెనక్కి చెయ్యి చాపేవారు. అది అమ్మ హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లేది. ఏళ్ల తరబడి ఆవిడ ఆ స్టీరియో మొహాన్ని బ్యాగులో మోసింది, ఒక్క పాటైనా తను పెట్టుకోకుండా.

నాన్నగారు పోయి నాలుగేళ్లు. కారు అమ్మేద్దామని తమ్ముడు. "అక్కా, దానికి ఇంకా ఖర్చు పెట్టడం దండగ" అన్నాడు. అమ్మ అమ్మనివ్వలేదు. పైగా, "అందులో పాటలు రావట్లేదు, బాగు చేయించవే" అంది. కారు విషయంలో ఆవిడ ఏదైనా అడగడం నాకు తెలిసి అదే మొదటిసారి.

షాపులో పెద్ద టచ్ స్క్రీన్ చూపించారు. దానికి డాష్‌బోర్డు కోయాలి. నేను ఒప్పుకోలేదు. జర్మనీ వాళ్ల కొలత ప్రకారం 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు ఉండే "సింగిల్ డిన్" స్టీరియో ఇప్పటికీ దొరుకుతుంది, పాత ఖాళీలో చక్కగా కూర్చుంటుంది. బ్లూటూత్ ఉన్నది, గుండ్రటి బటన్ తిప్పుకునేది తీసుకున్నాం. స్క్రీన్ మీద వేలితో నొక్కడం అమ్మకి చిరాకు.

పాతది లాగితే వెనక వైర్లు నూడుల్స్‌లా వచ్చాయి. టేపు జిగురు ఎండకి కరిగి చేతికంటుకుంటోంది. మీరూ చేయిస్తే ఇవి దగ్గరుండి చూసుకోండి. పసుపు వైరు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు తీసుకునేది, ఎర్రది తాళం తిప్పితేనే. తొందరలో రెండూ కలిపి చుట్టేస్తే స్టీరియో తాళంతో పాటు ఆగదు, మర్చిపోతే బ్యాటరీ దిగిపోతుంది. ఇంకోటి, చాలా పాత బండ్లలో స్పీకరు రెండో వైరుని కారు బాడీకే తగిలించేసేవారు. కొత్త స్టీరియోలకి అది పనికిరాదు, లోపల ఆంప్లిఫయర్ కాలిపోతుంది. ప్రతి స్పీకరుకీ రెండు వైర్లూ స్టీరియో దాకా రావాల్సిందే. మా ఎలక్ట్రీషియన్ కుర్రాడు చెప్పకుండానే పాతవన్నీ తీసి కొత్తవి లాగాడు. ముందు తలుపుల్లో నాలుగంగుళాల చిన్న స్పీకర్లు కూడా వేయించాను.

పోయిన ఆదివారం అమ్మ ముందు సీట్లో కూర్చుంది, నేను నడిపాను, వెనక తమ్ముడి పిల్లలు. ఆవిడ ఫోను దానికి కలిపి ఇచ్చాను. పాట మొదలైంది. రెండు నిమిషాలు విని, వెనక్కి తిరిగి పిల్లల్ని చూసింది.

"వెనకవాటి సౌండు తగ్గించి ముందువాటికి మార్చడం ఇందులో ఉందా?" అని అడిగింది.

ఉంది. ఫేడర్ అంటారు. చూపించాను. అమ్మే తిప్పింది.