పాటల పేర్లు ఎవరి సొత్తు?

సీడీ పెట్టగానే కంప్యూటర్లో పాటల పేర్లన్నీ ప్రత్యక్షమయ్యేవి, గుర్తుందా? నిజానికి చాలా ఆడియో సీడీల్లో ఆ పేర్లు ఉండేవే కావు! మరెక్కణ్ణుంచి వచ్చేవంటారా?

1990ల్లో టి కాన్ అనే ప్రోగ్రామర్ యూనిక్స్ కోసం ఎక్స్ఎంసీడీ అనే ప్లేయర్ రాశాడు. దానికి తోడుగా పుట్టిందే సీడీడీబీ. ఏ పాట ఎన్నో సెకండులో మొదలవుతుందో చూసి, సీడీకో ఎనిమిదక్షరాల ఐడీ లెక్కగట్టేది. ఒక్కోసారి రెండు వేర్వేరు సీడీలకి ఒకే ఐడీ వచ్చేది, అయినా పని జరిగిపోయేది. పేర్లు టైపు చేసి పంపింది మాత్రం వాడుకరులే, పైసా తీసుకోకుండా.

1998లో ఎసియెంట్ అనే కంపెనీ దాన్ని కొనేసింది. 2000లో పేరు గ్రేస్‌నోట్‌గా మారింది, లైసెన్సు షరతులు బిగుసుకున్నాయి. సొమ్మొకడిది, సోకొకడిది అన్నమాట. ఒళ్ళుమండిన జనం, పాత డేటా జీపీఎల్ కింద ఉండబట్టి, దాంతోనే ఫ్రీడీబీ మొదలెట్టారు. అది 2020 దాకా నడిచింది. 2000లోనే రాబర్ట్ కే మొదలెట్టిన మ్యూజిక్‌బ్రెయిన్జ్ అయితే ఇప్పటికీ నడుస్తోంది. దాని ముఖ్యమైన డేటాని ఎవరైనా దింపుకోవచ్చు.

చిన్న డేటాబేస్ నడిపేటప్పుడు మనం ఇండెక్సులూ, కేషింగూ అంటూ బుర్ర బద్దలుకొట్టుకుంటాం. నన్నడిగితే మొదటిరోజే తేల్చాల్సినవి లైసెన్సు, డేటా డంపు. జనం ఇచ్చింది జనం మళ్ళీ పట్టుకెళ్ళగలగాలి. ఏమంటారు?