వార్త ఖర్చు ఎవరు భరించాలి?
బ్రిటన్ పత్రికా రంగంలో ఇంటర్నెట్ తెచ్చిన మార్పులపై ఒక పరిశీలన

2024 సెప్టెంబరులో బ్రిటన్ ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ ఒక సర్వే ఫలితాలు వెల్లడించింది. ఆ దేశంలో వార్తల కోసం ఇంటర్నెట్ చూసే పెద్దలు 71 శాతం, టీవీ చూసేవాళ్లు 70 శాతం. తేడా ఒక్క శాతమే అయినా, 1960ల నుంచి టీవీకి ఉన్న మొదటి స్థానం దానితో పోయింది. అచ్చు పత్రికలు అంతకు చాలా ముందే వెనకబడ్డాయి.

ఈ మార్పును మనం ఎక్కువగా యంత్రాల కథగా చెప్పుకుంటాం. అచ్చు పోయింది, తెర వచ్చింది, ఫోన్ వచ్చింది అంటాం. నేను ఈ చరిత్రను డబ్బు వైపు నుంచి చదువుతాను. మున్సిపల్ కౌన్సిల్ సమావేశంలో, కోర్టు హాలులో గంటల తరబడి కూర్చుని రాసుకునే విలేకరికి జీతం ఎవరిస్తున్నారు? బ్రిటిష్ పత్రికల మూడు వందల ఏళ్ల కథలో ప్రతి మలుపు దగ్గరా ఈ ప్రశ్నే ఎదురవుతుంది.

పన్నుల నుంచి ప్రకటనల దాకా

ఇంగ్లిష్‌లో తొలి దినపత్రిక 'డైలీ కూరంట్' 1702 మార్చి 11న లండన్ ఫ్లీట్ స్ట్రీట్ దగ్గర వెలువడింది. ఒకే ఒక్క కాగితం. దాన్ని ప్రారంభించింది ఎలిజబెత్ మాలెట్ అనే మహిళ. పదేళ్లు తిరిగేసరికి, 1712లో, ప్రభుత్వం పత్రికల మీద స్టాంపు సుంకం వేసింది. 1815 నాటికి అది ప్రతికి నాలుగు పెన్నీలకు పెరిగింది. కూలివాడు పత్రిక కొనలేని స్థితి వచ్చింది, పాలకులు కోరుకున్నదీ అదే. ఈ పన్నుల మీద దశాబ్దాల పాటు పోరాటం సాగింది. 1853లో ప్రకటనల మీద పన్ను, 1855లో స్టాంపు సుంకం, 1861లో కాగితం పన్ను రద్దయ్యాయి. 1855లోనే పుట్టిన డైలీ టెలిగ్రాఫ్ ఒక్క పెన్నీకే అమ్ముడైంది. 1896లో డైలీ మెయిల్ అర పెన్నీకే వచ్చింది.

అంత తక్కువ ధరకు పత్రిక ఇవ్వడం ఎలా సాధ్యమైంది? ప్రకటనల వల్ల. ఊళ్లలో వచ్చే చిన్న పత్రికలకైతే వరుస ప్రకటనలే ప్రాణం. అద్దెకు ఇల్లు, అమ్మకానికి కారు, ఖాళీగా ఉన్న ఉద్యోగం, పెళ్లి, చావు అన్నీ అక్కడే. ఆ ప్రకటనల కోసం పత్రిక కొన్నవాళ్లు, కౌన్సిల్ డ్రైనేజీ పనులకు ఎంత ఖర్చు చేసిందో కూడా పక్క పేజీలో చదివారు. కారు ప్రకటన ఇచ్చినవాడికి తెలియకుండానే విలేకరి జీతంలో అతని వాటా ఉండేది.

1986లో రూపర్ట్ మర్డోక్ తన నాలుగు పత్రికలనూ ఫ్లీట్ స్ట్రీట్ నుంచి వాపింగ్‌లోని కొత్త ప్రెస్‌కు తరలించాడు. కంప్యూటర్ మీద కూర్పు మొదలైంది. సమ్మెకు దిగిన అయిదు వేల మందికి పైగా అచ్చు కార్మికుల ఉద్యోగాలు పోయాయి. ఏడాది పాటు గేటు ముందు ఆందోళన సాగినా ఫలితం దక్కలేదు. ఖర్చు తగ్గడంతో కొత్త పత్రికలకు దారి దొరికింది. ఇండిపెండెంట్ ఆ ఏడాది అక్టోబరులోనే పుట్టింది. యంత్రం మారినా ఆదాయం మాత్రం అప్పటికీ ప్రకటనల నుంచే వచ్చేది.

తెర మీదికి

1974లోనే బీబీసీ 'సీఫాక్స్' పేరుతో టీవీ తెర మీద అక్షరాల్లో వార్తలు ఇవ్వడం మొదలుపెట్టింది. రిమోట్ మీద పుట సంఖ్య నొక్కితే తాజా వార్త, క్రికెట్ స్కోరు కనిపించేవి. అందువల్ల తెర మీద వార్త చదవడం బ్రిటిష్ ఇళ్లకు కొత్తేమీ కాదు.

1994 నవంబరు 15న టెలిగ్రాఫ్ తన 'ఎలక్ట్రానిక్ టెలిగ్రాఫ్'ను వెబ్‌లో పెట్టింది. బ్రిటన్‌లో వెబ్‌కు వచ్చిన తొలి దినపత్రిక అదే. 1997 నవంబరులో బీబీసీ వార్తల వెబ్‌సైటు వచ్చింది. 1999లో గార్డియన్ పూర్తిస్థాయి వెబ్‌సైటుతో దిగింది. అన్నీ ఉచితమే. ముందు చదివేవాళ్లను పోగుచేద్దాం, ప్రకటనలు వాటంతటవే వస్తాయన్నది అందరి నమ్మకం.

ప్రకటనలు వెబ్‌కు వచ్చాయి గానీ పత్రికల దగ్గరికి రాలేదు. 2000లో లండన్‌లో పుట్టిన గమ్‌ట్రీ వరుస ప్రకటనలను, అదే ఏడాది మొదలైన రైట్‌మూవ్ ఇళ్ల ప్రకటనలను పట్టుకుపోయాయి. ఆ పైన గూగుల్, ఫేస్‌బుక్ వచ్చాయి. ఇల్లు వెతికేవాడికి ఇక కౌన్సిల్ వార్త ఉన్న పక్క పేజీ తారసపడే వీలు లేకపోయింది. 2019 ఫిబ్రవరిలో ఆర్థికవేత్త ఫ్రాన్సిస్ కెయిర్న్‌క్రాస్ ప్రభుత్వానికిచ్చిన నివేదిక ఈ నష్టాన్ని లెక్కగట్టింది. 2007 నుంచి పదేళ్లలో అచ్చు పత్రికల అమ్మకాలు దాదాపు సగానికి పడిపోయాయి. పూర్తికాలం పాత్రికేయులు 23,000 నుంచి 17,000కు తగ్గారు.

2009: పాఠకుడూ విలేకరే

ఇదే ఇంటర్నెట్ పత్రికలకు అంతకుముందు లేని బలం కూడా ఇచ్చింది. 2005 జులై 7న లండన్ రైళ్లలో, బస్సులో బాంబులు పేలినప్పుడు సొరంగాల లోపలి తొలి దృశ్యాలు ప్రయాణికుల ఫోన్ల నుంచే వచ్చాయి. అయితే ఈ బలం పూర్తిగా బయటపడింది 2009లో.

ఆ ఏప్రిల్ 1న లండన్‌లో జీ-20 సదస్సుకు వ్యతిరేకంగా ప్రదర్శనలు జరుగుతున్నాయి. 47 ఏళ్ల ఇయాన్ టామ్లిన్సన్ వీధిలో ఈవెనింగ్ స్టాండర్డ్ పత్రికలు అమ్ముకునే మనిషి. ప్రదర్శనతో అతనికి సంబంధం లేదు. పని ముగించుకుని ఇంటికి పోతూ, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు దగ్గర్లో కుప్పకూలి చనిపోయాడు. పోలీసుల తొలి ప్రకటనలో తమవాళ్లు అతని మీద చెయ్యి చేసుకున్న మాటే లేదు. మొదటి శవపరీక్ష గుండెపోటు అంది. గార్డియన్ విలేకరి పాల్ లూయిస్ అంతటితో వదల్లేదు. అక్కడున్నవాళ్ల కోసం ట్విటర్‌లోనూ వెతికాడు. ఆరు రోజుల తర్వాత, న్యూయార్క్ నుంచి పని మీద వచ్చిన ఒక వ్యక్తి తాను తీసిన వీడియోను పత్రికకు పంపాడు. అందులో టామ్లిన్సన్ జేబుల్లో చేతులు పెట్టుకుని, పోలీసులకు వీపు చూపిస్తూ నడిచిపోతున్నాడు. ఒక పోలీసు వెనక నుంచి కాలి మీద లాఠీతో కొట్టి, బలంగా తోశాడు. 2011 మేలో విచారణ జ్యూరీ దీన్ని చట్టవిరుద్ధమైన హత్యగా తేల్చింది. తర్వాత క్రిమినల్ కేసులో నిర్దోషిగా బయటపడినా, ఆ పోలీసును ఉద్యోగం నుంచి తీసేశారు.

దారిన పోయేవాడి వీడియో, వెంటపడి అడిగిన విలేకరి కలిసినందువల్లే ఈ నిజం బయటికొచ్చింది. ఇద్దరిలో ఏ ఒక్కరు లేకున్నా అది గుండెపోటు గానే మిగిలిపోయేది.

2009 అక్టోబరులోనే ట్రాఫిగురా అనే చమురు వ్యాపార కంపెనీకి సంబంధించి పార్లమెంటులో అడిగిన ప్రశ్నను ప్రచురించకుండా గార్డియన్ చేతులను కోర్టు ఉత్తర్వు కట్టేసింది. తమ మీద ఆంక్ష ఉందన్న మాట మాత్రం పత్రిక రాసింది. రాత్రికి రాత్రే ట్విటర్‌లో జనం ఆ ప్రశ్నను వెతికి బయటపెట్టారు. మర్నాడు మధ్యాహ్నానికల్లా కంపెనీ లాయర్లు వెనక్కి తగ్గారు.

2011లో ఇదే కెరటం పత్రికల మీదికే తిరిగింది. హత్యకు గురైన పదమూడేళ్ల బాలిక మిల్లీ డౌలర్ ఫోన్ సందేశాలను 'న్యూస్ ఆఫ్ ద వరల్డ్' దొంగచాటుగా విన్నదని గార్డియన్ వెల్లడించింది. జనం ట్విటర్‌లో ప్రకటనదారుల వెంటపడ్డారు, కంపెనీలు తప్పుకున్నాయి. 168 ఏళ్ల పత్రిక జులై 10న ఆఖరి సంచిక వేసి మూతపడింది.

ఊరి పత్రిక లేని ఊరు

ఇవన్నీ పెద్ద పత్రికల విజయాలు. చిన్న ఊళ్లలో జరిగింది వేరు. వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్ ఉక్కు పట్టణం. టాటా స్టీల్ పుణ్యమా అని మనకూ తెలిసిన పేరే. ఆ ఊరి వారపత్రిక 'పోర్ట్ టాల్బట్ గార్డియన్' 2009లో ఆగిపోయింది. ఉద్యోగాలు పోయిన పాత్రికేయులు కొందరు సహకార పద్ధతిలో 'మాగ్నెట్' పేరుతో వెబ్ పత్రిక నడిపారు. ఆదాయం చాలక 2016లో అదీ ముగిసింది. టాటా తన బ్రిటన్ ఉక్కు వ్యాపారాన్ని అమ్ముతానని ప్రకటించి ఆ పట్టణాన్ని కుదిపేసింది సరిగ్గా ఆ ఏడాదే.

లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ కథ ఇంకా బాధాకరం. ఆ భవనంలో అగ్ని ప్రమాద భద్రత సరిగా లేదని నివాసుల బృందం ఏళ్లుగా ఇంటర్నెట్‌లో రాస్తూనే ఉంది. పెద్ద ఎత్తున ప్రాణనష్టం జరిగితే తప్ప యాజమాన్యం నిర్లక్ష్యం బయటపడదని 2016 నవంబరులో హెచ్చరించింది. 2017 జూన్ 14న మంటలు రేగి 72 మంది చనిపోయారు. ఆ బృందం రాసినది లోకమంతటికీ అందుబాటులోనే ఉంది. కానీ దాన్ని పట్టుకుని కౌన్సిల్ ఆఫీసుకు వెళ్లి, అధికారి ఎదుట కూర్చుని, జవాబు వచ్చేదాకా కదలని విలేకరి అక్కడ లేడు. చెప్పుకునే చోటు ఉండటం, వినిపించుకునే మనిషి ఉండటం రెండూ ఒకటి కావని గ్రెన్‌ఫెల్ చెబుతుంది.

కొత్త దారులు

ఖర్చు భరించే దారి కోసం ఒక్కొక్కరూ ఒక్కో ప్రయోగం చేశారు. 2010 జులైలో టైమ్స్ వెబ్‌సైటుకు చందా తప్పనిసరి చేసింది. గార్డియన్ తలుపులు తెరిచే ఉంచి, పాఠకులనే తోచినంత ఇమ్మని అడిగింది. ఆ ధైర్యం వెనక 1936లో ఏర్పడిన స్కాట్ ట్రస్టు ఉంది. దాని కంపెనీ 2014లో ఆటో ట్రేడర్‌లో తన వాటాను 60 కోట్ల పౌండ్లకు పైగా ధరకు అమ్మి నిధిగా పెట్టుకుంది. కార్ల ప్రకటనల డబ్బు అలా మరో రూపంలో పాత్రికేయులకు అండ అయింది. ఇండిపెండెంట్ 2016 మార్చిలో అచ్చు మానేసి వెబ్‌కే పరిమితమైంది. ఈవెనింగ్ స్టాండర్డ్ 2009లో ఉచిత పత్రికగా మారి, 2024లో దినపత్రిక అవతారమే చాలించి వారపత్రిక అయింది.

నాకు ఎక్కువ ఆశ కలిగించినవి చిన్న ప్రయత్నాలు. బీబీసీ లైసెన్సు రుసుము డబ్బుతో 2018 నుంచి 150 మందికి పైగా విలేకరులు స్థానిక పత్రికల్లో ఉంటూ కౌన్సిళ్ల వార్తలే రాస్తున్నారు. 2014లో బ్రిస్టల్‌లో పాఠకులే యజమానులుగా 'కేబుల్' పుట్టింది. 2020లో మాంచెస్టర్‌లో 'మిల్' అనే ఈమెయిల్ పత్రిక మొదలై, చందాల మీద నిలబడి, షెఫీల్డ్, లివర్‌పూల్, బర్మింగ్‌హామ్‌లకు విస్తరించింది.

ఈ ప్రయత్నాలు ఎంత అవసరమో 2024 వేసవి చూపించింది. జులై 29న సౌత్‌పోర్ట్‌లో డ్యాన్స్ క్లాసుకు వచ్చిన ముగ్గురు చిన్నారులను ఒక పదిహేడేళ్ల కుర్రాడు పొడిచి చంపాడు. మైనరు కాబట్టి పేరు బయటపెట్టడానికి చట్టం ఒప్పుకోదు. పత్రికలు చట్టాన్ని పాటించి ఆగాయి. ఆ ఖాళీలోకి ఒక బూటకపు పేరు, పడవ మీద వచ్చిన శరణార్థి అన్న అబద్ధం దూరి గంటల్లో లక్షల మందికి చేరాయి. నిందితుడు నిజానికి కార్డిఫ్‌లో పుట్టినవాడు. మర్నాడు సౌత్‌పోర్ట్ మసీదు మీద దాడి జరిగింది, అల్లర్లు ఊరూరా పాకాయి. ఆగస్టు 1న జడ్జి పేరు వెల్లడికి అనుమతించేసరికే ఆలస్యమైంది. ఆగస్టు 6న భారత హైకమిషన్ మనవాళ్లకు జాగ్రత్తలు చెప్పాల్సి వచ్చింది. చదువుకు, ఉద్యోగానికి పిల్లల్ని అక్కడికి పంపిన తెలుగు ఇళ్లకు ఆ వారం దూరదేశపు వార్తలా అనిపించి ఉండదు.

మన దాకా వచ్చిన మార్పు

ఈ కథలో తెలుగుకూ చోటుంది. బ్రిటిష్ ప్రభుత్వ నిధులతో బీబీసీ కొత్త భాషలకు విస్తరిస్తూ 2017 అక్టోబరు 2న తెలుగు సేవను ప్రారంభించింది. హిందీలా మనకు దశాబ్దాల షార్ట్‌వేవ్ రేడియో వారసత్వం లేదు. బీబీసీ తెలుగు నేరుగా ఇంటర్నెట్ లోకే పుట్టింది. మన దేశంలో డిజిటల్ వార్తాసంస్థల్లో విదేశీ పెట్టుబడిపై 26 శాతం పరిమితి రావడంతో, 2024 ఏప్రిల్ నుంచి ఆ వార్తలను 'కలెక్టివ్ న్యూస్‌రూమ్' అనే భారతీయ సంస్థ తయారుచేస్తోంది.

బ్రిటన్ అనుభవం నుంచి మనం నేర్చుకోవాల్సింది స్పష్టం. తెలుగు వార్త ఇవాళ వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో ఉచితంగా వచ్చి పడుతోంది. దాని వెనక మండల కేంద్రంలో తిరిగే విలేకరికి చాలా చోట్ల నెల జీతమన్నదే లేదు. జీతం లేని విలేకరి ఎవరి మీద ఆధారపడతాడో మనకందరికీ తెలుసు. ప్రకటన, లైసెన్సు రుసుము, చందా అంటూ ప్రతి కాలంలో ఎవరో ఒకరు వార్త ఖర్చు భరించారు, భరించినవాళ్ల మాటే చెల్లింది. మన ఊరి రోడ్డు, మన పిల్లల బడి, మన ఆసుపత్రి గురించి నిజం తెలియాలంటే ఆ ఖర్చులో మన వంతు మనమే పెట్టుకోవాలి. నచ్చిన పత్రికకు, నిలకడగా పనిచేసే చిన్న వెబ్ పత్రికకు నెలకు కాస్త చందా కడదాం. అది పౌరులుగా మన పని.