పేరు ఎక్కించుకోవడమే తెలిసిన ఊళ్లు

1956 నవంబర్ 1న భైంసా ఉన్నచోటే ఉండి జిల్లా మారింది. అంతకు ముందురోజు వరకు ఆ ఊరు నాందేడ్ జిల్లా ముథోల్ తాలూకాలోది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం ముథోల్, భైంసా, కుభీర్ సర్కిళ్లను నాందేడ్ నుంచి విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది. అవి ఆదిలాబాద్ జిల్లా ఊళ్లయ్యాయి. కిన్వట్, రాజూరా తాలూకాలు మాత్రం ఆదిలాబాద్‌ను వదిలి బొంబాయి రాష్ట్రంలోకి పోయాయి. ఆ చట్టం అచ్చు ప్రతిలో కుభీర్ కాస్తా ‘కుబేర్’ అయి కూర్చుంది. పార్లమెంటు కాగితంలో ఊరి పేరుకే ఆ గతి పడితే, పట్వారీ కాగితంలో రైతు పేరు సరిగ్గా ఉంటుందని ఎవరనుకుంటారు? తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ నడిచే భైంసా బజారులో ఒకే మనిషి పేరు మూడు రికార్డుల్లో మూడు తీర్లుగా ఉండటం ఎవరికీ వింత కాదు.

వింతగా ఉన్నది ఇప్పటి సమస్య. ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, భూమి వివరాలు, కుటుంబ సభ్యుల పేర్లు ఇంటర్నెట్‌లో ఎవరికి పడితే వారికి దొరుకుతున్నాయి, వాటిని తీసేయించుకోవడం ఎలాగని జనం అడుగుతున్నారు. ఈ ప్రాంతానికి ఇది అలవాటు లేని ప్రశ్న. నూరేళ్లకు పైగా ఇక్కడి మనిషి పడ్డ పాట్లన్నీ పేరు ఎక్కించుకోవడానికే. తీయించుకోవడానికి దఫ్తరు మెట్లెక్కిన సంప్రదాయం ఇక్కడ లేదు.

కాగితం కన్నా ముందు జ్ఞాపకం ఉండేది. ఆదిలాబాద్ గోండుల వంశాల కథలను, గోత్ర దేవతల చరిత్రను వారి పరంపరాగత గాయకులైన ప్రధానులు కింగ్రి వాద్యం వాయిస్తూ పాడి నిలబెట్టారు. 1940లలో మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని నమోదు చేసిన హైమండార్ఫ్ కూడా ఈ ప్రధానుల దగ్గర చాలా విన్నాడు. కాపుల గోత్రాలు, ఇంటిపేర్లు చెప్పే పిచ్చకుంట్లవాళ్లు తెలుగు పల్లెలన్నింటా తిరిగేవారు. నాసిక్, త్ర్యంబకేశ్వర్ వెళ్లినవారి పేర్లను అక్కడి తీర్థ పురోహితులు తమ వహీల్లో (వంశావళి పుస్తకాల్లో) రాసుకునేవారు. ఇప్పటికీ రాసుకుంటారు. ఇంటిపేరు, ఊరు చెబితే తాత ముత్తాతల పేర్లు చదివి వినిపిస్తారు. మనిషి ఆచూకీ చెప్పే వృత్తి ఈ దేశంలో ఎప్పటినుంచో ఉంది. అడిగేవాడు ఆ ఇంటివాడేనా కాదా అని చెప్పేవాడు ముందు చూసుకునేవాడు. ఆ ఒక్క జాగ్రత్తే తర్వాత పోయింది.

నిజాం రాజ్యంలో 1865లో మొదటి సాలార్‌జంగ్ జిలాబందీ తెచ్చాక జిల్లాలు, తాలూకాలు ఒక పద్ధతిలోకి వచ్చాయి. దాంతో పేరుకు కొత్త విలువ కట్టారు. సేత్వార్, ఫైసల్ పట్టీ, వసూల్ బాకీ, పహాణీ: ఒక్కో దస్తరంలో రైతు పేరు ఒక్కో పని కోసం ఎక్కింది. వీటిలో పహాణీ అసలు ప్రాణం. అందులో పట్టాదారు పేరే కాక కాస్తులో ఎవరున్నారో కూడా రాస్తారు. ఆ గడిలో తన పేరు పడితే కౌలుదారుకు భూమి మీద ఆశ. పడకపోతే ముప్పై ఏళ్లు దున్నినా అతను ఎవరూ కాదు. 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారుల రిజిస్టర్లు తెచ్చింది. 1954-55లో తయారైన ఖాస్రా పహాణీని నేటికీ తెలంగాణ భూతగాదాల్లో వకీళ్లు మొదట అడుగుతారు. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన పోరులోనూ, ఆ తర్వాత గోండులకు దక్కిన పట్టాల్లోనూ ఉన్న కోరిక ఒకటే. దున్నే భూమి మీద సర్కారు కాగితంలో తమ పేరు ఉండాలి.

ఆ కాగితం పట్వారీ ఇంట్లో గుడ్డమూటలో ఉండేది. అతను రాసిందే రాత. అతని పెత్తనం ఎంత దుర్మార్గమైనదో తెలంగాణ పల్లెకు వేరే చెప్పక్కర్లేదు. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసినప్పుడు ఊళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. అయితే ఆ మూటకు ఒక సుగుణం ఉండేది. అది ఒక్కచోటే ఉండేది. అది చూడాలంటే పట్వారీ గడప తొక్కాలి. ఎవరు వచ్చారో, ఎవరి సర్వే నంబరు అడిగారో సాయంత్రానికి ఊరందరికీ తెలిసేది.

స్వతంత్రం వచ్చాక మరో పెద్ద జాబితా తయారైంది. 1951-52 మొదటి సాధారణ ఎన్నికల ఓటర్ల జాబితా. ఉత్తరాది రాష్ట్రాల్లో లక్షల మంది ఆడవాళ్లు పరాయి మగాడికి తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని మాత్రమే చెప్పారు. ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అలాంటి నమోదును ఒప్పుకోలేదు. దాదాపు 28 లక్షల మంది మహిళలు జాబితాకు ఎక్కకుండా పోయారు. ఇవాళ ‘ప్రైవసీ’ అని పత్రికలు రాసేదాన్ని ఆ ఆడవాళ్లు ఆచారంగా పాటించారు. దానికి ఓటు హక్కుతో మూల్యం చెల్లించారు. సేన్ పట్టుదల సరైనదే, ఆ ఆడవాళ్ల సంకోచమూ అబద్ధం కాదు.

ఉమ్మడి ఆదిలాబాద్‌లో దీనికి పూర్తి విరుద్ధమైన ముచ్చట ఒకటుంది. కెరమెరి మండలంలో పరందోళి, అంతాపూర్ చుట్టుపక్కల డజను ఊళ్లు తమవేనని ఇటు తెలంగాణ, అటు మహారాష్ట్ర అంటాయి. అక్కడివారికి రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు, రెండు పంచాయతీలు. ఎన్నికలొస్తే రెండు రాష్ట్రాల అధికారులూ పెట్టెలు పట్టుకుని వస్తారు. 1956లో గీసిన గీతల ఫలితం ఒక్కోచోట ఇలా ఉంటుంది. రెండు జాబితాల్లో ఉండటం నేరమని తెలిసినా, ఏ ఒక్క దాంట్లోంచి తప్పుకున్నా కూడు పోతుందని ఆ ఊళ్లవాళ్ల భయం. తీసేయించుకోవడం అనే మాట వాళ్లకు బెదిరింపులా వినిపిస్తే తప్పేముంది?

సర్కారు రాసుకున్న జాబితాను ఎదిరించి ఒక మనిషి సుప్రీంకోర్టుకెక్కిన కథ 1962లో ఉంది. ఉత్తరప్రదేశ్‌లో ఖడక్ సింగ్ అనే వ్యక్తి మీద పోలీసులు హిస్టరీ షీటు తెరిచి, రాత్రుళ్లు తలుపు తట్టి నిఘా పెట్టారు. రాత్రి సోదాలను కోర్టు కొట్టేసింది గానీ, గోప్యత ప్రాథమిక హక్కు కాదని మెజారిటీ తేల్చింది. ఆ బెంచిలో రాజమండ్రి మనిషి జస్టిస్ కోకా సుబ్బారావు భిన్న తీర్పు రాశారు. రాజ్యాంగంలో ఆ పదం లేకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత అంతర్భాగమేనని అన్నారు. ఆ మైనారిటీ మాట చట్టం కావడానికి 55 ఏళ్లు పట్టింది. ఆధార్ కేసును 2015లో పెద్ద బెంచికి పంపినవారిలోనూ, 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పిన తొమ్మిది మందిలోనూ కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ ఉన్నారు. ఈ హక్కు పశ్చిమ దేశాల నుంచి దిగుమతి అయిందని వాదించేవాళ్లు సుబ్బారావు తీర్పు ఒకసారి చదవాలి.

1962, 2017 తీర్పుల మధ్యలోనే తెలంగాణ ఒక భారీ జాబితా రాసుకుంది. 2014 ఆగస్టు 19, సమగ్ర కుటుంబ సర్వే. రాష్ట్రం మొత్తం ఆ రోజు ఇల్లు కదల్లేదు. ముంబై, భివండీ, సూరత్‌లకు వలసపోయిన ఉత్తర తెలంగాణ జనం రైళ్లు, బస్సులు కిక్కిరిసేలా సొంతూళ్లకు చేరారు. ఆ రోజు ఇంట్లో కనిపించకపోతే పథకాల్లోంచి పేరు గల్లంతవుతుందని భయం. పహాణీలో కాస్తు గడి కోసం పడ్డ ఆరాటమే ఇది, రూపం మారిందంతే.

ఆ తర్వాత జరిగింది మాత్రం పట్వారీ ఊహకు కూడా అందదు. ప్రభుత్వం ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ కట్టింది. రేషన్, పింఛను, వాహనం, భూమి, ఇల్లు: వేర్వేరు శాఖల్లో ఉన్న పేర్లను కంప్యూటరు పోల్చి చూసి, ఇవన్నీ ఒకే మనిషివని తేల్చేస్తుంది. మూడు భాషల్లో మూడు తీర్లుగా రాసిన పేర్లున్న సీమలో ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో ఊహించడం కష్టం కాదు. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయనకు కారుందని రికార్డు చెప్పింది. కారు అలాంటి పేరే ఉన్న మరొకరిది. రేషన్ మాత్రం ఈయన కుటుంబానికి ఆగింది. ఇలా ఏరివేసిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. జాబితాలు విడివిడిగా ఉన్నంతకాలం ఒకదాని తప్పు ఒక దఫ్తరులోనే ఉండేది. అవి కలిశాక ఒక చోటి తప్పు అన్ని చోట్లా నిజమైపోతుంది.

కలిసినవి కారడం కూడా మొదలైంది. 2019 మార్చిలో ఒక రాజకీయ పార్టీ యాప్ వెనకున్న హైదరాబాద్ సంస్థ దగ్గర ఆంధ్ర, తెలంగాణ ప్రజల ఆధార్ వివరాలు ఉన్నాయన్న కేసు రెండు రాష్ట్రాల రాజకీయాలను కుదిపేసింది. ఏకంగా 7.82 కోట్ల మందివని ఫిర్యాదు. 2023లో సైబరాబాద్ పోలీసులు దేశవ్యాప్తంగా 66.9 కోట్ల మంది, సంస్థల వివరాలు అమ్ముతున్నాడని ఒకరిని అరెస్టు చేశారు. 2024 జనవరిలో తెలంగాణ ప్రభుత్వ పథకాల కోసం జనం ఇచ్చిన ప్రజాపాలన దరఖాస్తులు బాలానగర్ ఫ్లైఓవర్ మీద గాలికి ఎగిరాయి. చివరిది కాగితమే కాబట్టి ఏరుకోవడం వీలైంది.

భైంసా పత్తి రైతు సంగతే చూడండి. ఒకప్పుడు మార్కెట్లో పత్తి అమ్మితే అడ్తిదారు దగ్గర ఒక తక్‌పట్టీ (లెక్క చీటీ) మిగిలేది. 2025 నుంచి భారత పత్తి సంస్థ (సీసీఐ)కి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో ఆధార్, భూమి, ఫోన్ వివరాలతో నమోదై స్లాట్ తీసుకోవాలి. భూమి వివరాలు 2020 అక్టోబర్‌లో ప్రభుత్వ పోర్టల్ ధరణికి, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో వచ్చిన భూభారతికి ఎక్కాయి. రైతు ఫోన్ నంబరు అతను ఎన్నడూ యాప్ పెట్టుకోకపోయినా ట్రూకాలర్‌లో ఉండొచ్చు. 2009లో స్వీడన్‌లో పుట్టిన ఆ కంపెనీకి ఇవాళ అతి పెద్ద బజారు ఇండియా. ఇతరులు పంచుకున్న ఫోన్‌బుక్కులే దాని మూలధనం. మొబైల్ నంబర్లకు అచ్చు డైరెక్టరీ ఈ దేశంలో రాలేదు. ఆ ఖాళీని నింపింది ఇదే.

అమెరికాలో స్థిరపడ్డ ఉత్తర తెలంగాణ పిల్లలకు ఇంకో రకం తంటా. అక్కడ ఇల్లు కొంటే కౌంటీ రికార్డు బహిరంగం. స్పోకియో, వైట్‌పేజెస్ లాంటి సైట్లు దాన్ని ఏరుకుని వయసు, పాత అడ్రసులు, బంధువుల పేర్లు కలిపి అమ్ముతాయి. ఒక్కో సైటుకు విడిగా విన్నవించుకోవాలి. తీశాక కొత్త రికార్డు వస్తే పేరు మళ్లీ మొలుస్తుంది. 1989లో రెబెకా షేఫర్ అనే నటిని హంతకుడు ఆమె అడ్రసు రవాణా శాఖ రికార్డుల ద్వారా సంపాదించి చంపాకే, 1994లో అక్కడ డ్రైవర్ల వివరాలకు రక్షణ చట్టం వచ్చింది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో 2020లో ఒక జడ్జి కొడుకును ఇంటి గుమ్మంలో కాల్చి చంపాక, జడ్జీల వంటివారి ఇంటి అడ్రసులు బయటపెట్టకుండా ‘డేనియల్స్ లా’ వచ్చింది. కాలిఫోర్నియా 2026 నుంచి ఒక్క దరఖాస్తుతో డేటా బ్రోకర్లందరికీ తొలగింపు కోరే వీలు పెట్టింది. యూరప్ కోర్టు 2014లోనే పాత సమాచారపు లింకులు తీయమని గూగుల్‌కు చెప్పింది.

మన దగ్గర 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దిద్దించుకునే, చెరిపించుకునే హక్కు అందులో రాశారు. నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. ముఖ్యమైన సెక్షన్ల అమలుకు 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే దాకా ఆగాలి. అప్పటిదాకా చేతనైనవి కొన్ని ఉన్నాయి. ట్రూకాలర్ వాడేవారు ముందు యాప్‌లో ఖాతా రద్దు చేసి, తర్వాత వారి వెబ్‌సైటులో దేశపు కోడ్‌తో నంబరు ఇచ్చి అన్‌లిస్ట్ చేయించుకోవచ్చు. యాప్ ఉంచుకుని నంబరు మాత్రం తీసేయమంటే కుదరదు. ఫోన్, ఇంటి అడ్రసు కనిపించే వెతుకులాట ఫలితాలను తొలగించమని 2022 నుంచి గూగుల్‌ను కోరవచ్చు. అది ఫలితాన్ని దాస్తుందే తప్ప అసలు పేజీని చెరపదు.

చట్టం పెట్టిన మినహాయింపు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఏదైనా చట్టం ప్రకారం బహిరంగం చేయాల్సిన సమాచారానికి 2023 చట్టం వర్తించదు. ఓటర్ల జాబితా ఆ కోవలోదే. 2018 నుంచి ఎన్నికల సంఘం దాన్ని యంత్రం సులువుగా చదవలేని బొమ్మల రూపంలో పెడుతోంది. పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఇంటి నంబరు మాత్రం అందులో ఉంటూనే ఉంటాయి. ఓటు ఉంచుకుని అందులోంచి పేరు తీసేయించుకునే దారి భైంసాలోనే కాదు, దేశంలో ఎక్కడా లేదు.